చేదుకట్టులోని రాయి: గోల్కొండ అంగడి నుంచి ప్రయోగశాల బోను దాకా

పశువుల పిత్తాశయంలో అరుదుగా దొరికే పసుపుపచ్చని రాయిని గ్రంథాలు గోరోచనమంటే తెలుగు ఇళ్లు గోరోజనమన్నాయి. కాలేయానికి అంటిపెట్టుకుని పైత్యరసాన్ని నిల్వచేసే చిన్న తిత్తిని చేదుకట్టు అంటారు. కసాయివాడు దాన్ని కోసినప్పుడు బయటపడే ఈ రాయిని సంస్కృత వైద్యగ్రంథాలు ఔషధద్రవ్యాల్లో చేర్చాయి, తాంత్రికులు యంత్రాలు రాయడానికీ తిలకం దిద్దడానికీ వాడారు, తెలుగు తల్లులు పసిపిల్లలకు జలుబు చేసినప్పుడు గోరోజనం మాత్రను తల్లిపాలలోనో తేనెలోనో అరగదీసి నాకించారు. చైనా వైద్యంలో నియు హువాంగ్ పేరుతో ఇదే రాయికి దాదాపు రెండువేల ఏళ్ల చరిత్ర ఉంది, ఇటీవలి ఏళ్లలో అక్కడ దాని ధర బంగారాన్ని మించిన సందర్భాలున్నాయి. ఆవు కడుపులో పుడితే సరుకు, మనిషి కడుపులో పుడితే రోగం. సరుకు ఎలా పుడుతుందో తెలుసుకోవలసిన అవసరం వ్యాపారికి లేకపోయింది గాని, రోగం ఎలా పుడుతుందో తెలుసుకోదలచిన వైద్యుడు జవాబు కోసం మళ్లీ జంతువు దగ్గరికే వెళ్లవలసివచ్చింది. ఏ జంతువును ఎంచుకుంటే ఆ జంతువు దేహం చెప్పగలిగినంతే జవాబుగా దొరికింది కాబట్టి, పిత్తాశయపు రాళ్ల శాస్త్రచరిత్ర చాలామటుకు జంతువుల ఎంపిక చరిత్రే.

పాతకాలపు వర్తకంలో గోరోచనంతో పాటు మరో రకం రాయి కూడా చలామణీ అయింది. మేకల కడుపులో జీర్ణం కాని నార, గింజల చుట్టూ పొరలు పొరలుగా పేరుకునే ఈ రాయిని పారశీకులు పాద్‌జహర్, అంటే విషానికి విరుగుడు అన్నారు. ఐరోపా వారి నోట అది బెజోఆర్ అయింది. ఇది పిత్తాశయపు రాయి కాదు, జీర్ణకోశపు రాయి. అయినా కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ ఆ తేడా అంతగా పట్టలేదు. పారశీక దేశంలోని లార్ ప్రాంతపు మేకల రాళ్లు హోర్ముజ్ మీదుగా పడమటికి వెళ్లాయి. గోవాలో స్థిరపడిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో అచ్చయిన తన గ్రంథంలో వాటిని వర్ణించాడు. ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే 1676లో ప్రచురించిన యాత్రాగ్రంథంలో గోల్కొండ రాజ్యపు ఈశాన్య ప్రాంతంలో ఈ రాళ్లు దొరుకుతాయని రాశాడు. అక్కడి కాపరులు మేక పొట్ట కింద రెండు చేతులతో తడిమి లోపల ఎన్ని రాళ్లున్నాయో చెప్పేవారట. పెద్ద రాయికి ధర ఎక్కువ కాబట్టి కొందరు జిగురుతో చేసిన ముద్దను చిన్న రాళ్లకు పూసి పెంచేవారట, దాన్ని కనిపెట్టడానికి రాయిని తూచి, గోరువెచ్చని నీటిలో కొంతసేపు ఉంచి, మళ్లీ తూచేవారట. వజ్రాలు కొనడానికి వచ్చిన మనిషి మేక రాళ్ల కల్తీ గురించి ఇంత శ్రద్ధగా రాశాడంటే ఆ సరుకు విలువ ఎంతటిదో ఊహించవచ్చు. రాయి పైతొక్క గురించి ఇన్ని పరీక్షలు కనిపెట్టిన వర్తకలోకం, దాని పుట్టుక గురించి మాత్రం మేక ఏదో మొక్క చిగుళ్లు మేయడమే కారణమనే మాటతో తృప్తిపడింది.

పుట్టుక గురించి మొదటి పనికొచ్చే మాట వర్తకుల దగ్గర నుంచి కాదు, కొట్టం దగ్గర నుంచి వచ్చింది. ఇంగ్లండు వైద్యుడు ఫ్రాన్సిస్ గ్లిసన్ 1654లో కాలేయం మీద రాసిన గ్రంథంలో, చలికాలమంతా ఎండుగడ్డి తిన్న ఎద్దుల పిత్తాశయంలో రాళ్లు కనిపిస్తాయనీ, వసంతంలో పచ్చిక మేసిన తరువాత అవి కనిపించవనీ పేర్కొన్నాడు. ఈ ఒక్క గమనికలో రెండు భావాలు దాగి ఉన్నాయి: రాయికి తిండితో సంబంధముందన్నది ఒకటి, ఒకసారి ఏర్పడిన రాయి తిరిగి కరగవచ్చన్నది రెండవది. ఆ రెండింటినీ ప్రయోగంతో రుజువు చేయడానికి దాదాపు మూడు వందల ఏళ్లు పట్టింది. ఈలోగా రసాయనశాస్త్రం ముందుకు సాగి, 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో మనిషి పిత్తాశయపు రాళ్ల నుంచి మైనం వంటి తెల్లని పదార్థాన్ని వేరుచేసింది. ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రల్ 19వ శతాబ్దపు రెండవ దశకంలో దానికి పెట్టిన పేరే నేటి కొలెస్టరాల్ అనే మాటకు మూలం. అంటే ప్రస్తుతం గుండెజబ్బు మాటల్లో వినిపించే ఆ పదార్థం మొదట గుర్తింపు పొందింది పిత్తాశయపు రాయిలోనే.

మనిషి రాళ్లు ముఖ్యంగా రెండు జాతులు. కొలెస్టరాల్ ప్రధానంగా ఉన్నవి పసుపు, తెలుపు కలిసిన లేతరంగు రాళ్లు. పాత ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే బిలిరుబిన్ అనే పసుపు వర్ణకం సున్నంతో కలిసి గడ్డకట్టినవి వర్ణక రాళ్లు, ఇవి నల్లగానో గోధుమరంగులోనో ఉంటాయి. పశువుల గోరోచనం ఈ రెండవ కోవలోదే. జపానులోని సెందాయ్ నగరానికి చెందిన శస్త్రవైద్యుడు మాకి 1966లో గోధుమరంగు రాళ్ల పుట్టుకను వివరిస్తూ, పైత్యనాళాల్లో చేరిన ఈ.కోలై బాక్టీరియా ఒక ఎంజైమును విడుదల చేసి, నీటిలో కరిగే రూపంలో ఉన్న బిలిరుబిన్‌ను కరగని రూపంలోకి మారుస్తుందనీ, అది సున్నంతో కలిసి అడుగున దిగిపోతుందనీ చూపాడు. కార్జపు జలగలు పట్టిన పశువుల పైత్యనాళాల్లో రాళ్లు కనిపించడానికి కూడా నాళం వాయడం, రసం నిలిచిపోవడం, క్రిములు చేరడం అనే ఇలాంటి వరుసే కారణం. ఇది తెలిసిన తరువాత చైనాలో బతికున్న పశువుల పిత్తాశయంలో అన్య పదార్థాన్నీ బాక్టీరియానూ ప్రవేశపెట్టి గోరోచనాన్ని పెంచే పద్ధతులు కూడా వచ్చాయి; రోగాన్ని నివారించడానికి తెలుసుకున్న విషయమే రోగాన్ని పండించడానికి అక్కరకొచ్చింది.

కొలెస్టరాల్ రాయి కథ ఇంతకంటే మెలికలు తిరిగినది. బెర్లినులో శస్త్రవైద్యుడు కార్ల్ లాంగెన్‌బుహ్ 1882 జూలైలో మొదటిసారి మనిషి పిత్తాశయాన్ని పూర్తిగా తొలగించినప్పుడు, ఆ తిత్తిలో రాళ్లు ఉండటం కాక, అది రాళ్లను పుట్టించడమే తొలగింపుకు కారణమని వాదించాడు. పదేళ్ల తరువాత జర్మన్ వైద్యుడు నౌనిన్ పిత్తాశయపు గోడ వాపే రాయికి మూలమన్నాడు; పైత్యరసమే మూలమన్నవారూ ఉన్నారు. లోపం తిత్తిదా, తిత్తిలోకి వచ్చే ద్రవానిదా అన్న ఈ వివాదంలో సాక్ష్యానికి మొదట పిలిచినది కుక్కను. న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పేటన్ రౌస్, మెక్‌మాస్టర్ కలిసి 1921లో ప్రచురించిన ప్రయోగాల్లో, కుక్క పిత్తాశయం తనలోకి వచ్చిన పైత్యరసంలోని నీటిని పీల్చేసి ఒక్క రోజులోపే దాన్ని పదోవంతుకు కుదించగలదని తేలింది. కోళ్ల కణితికి వైరస్ కారణమని కనిపెట్టినందుకు 1966లో నోబెల్ బహుమతి పొందిన రౌస్ ఈయనే. క్యాన్సర్ పరిశోధనకు ఆదరణ కరవైన మధ్యకాలంలో ఆయన పిత్తాశయం వైపు మళ్లాడు. చికాగోలో ఐవీ, ఓల్డ్‌బర్గ్ 1928లో కుక్కల మీదే పనిచేసి, కొవ్వు పేగులోకి రాగానే పేగు గోడ నుంచి విడుదలై పిత్తాశయాన్ని ముడుచుకునేటట్టు చేసే హార్మోనును గుర్తించి దానికి కొలిసిస్టోకైనిన్ అని పేరుపెట్టారు. తిత్తి చిక్కబరుస్తుంది, తిత్తి ముడుచుకుంటుంది అన్న రెండు మూలసూత్రాలూ అలా కుక్క ద్వారా తెలిశాయి. రాయి విషయంలో మాత్రం కుక్క మొండికేసింది: మనిషి కొలెస్టరాల్ రాయిని కుక్క పిత్తాశయంలో పెట్టి కుట్టేస్తే కొంతకాలానికి అది కరిగిపోయింది. కుక్క పైత్యరసంలో కొలెస్టరాల్ తక్కువ, దాన్ని కరిగించే లవణాలు ఎక్కువ. లోపం ద్రవంలోనూ ఉందని ఆ కరిగిన రాయి చెప్పింది గాని, రాయిని పుట్టించి చూపడం కుక్క వల్ల కాలేదు.

ఎలుక వల్ల అసలే కాలేదు, ఎందుకంటే దానికి పిత్తాశయమే లేదు. అయినా తిండికీ రాళ్లకూ సంబంధాన్ని ఎలుకలో వెతికిన ప్రయోగాలు ఉన్నాయి. నేడు హైదరాబాదులో తార్నాక దగ్గర ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మూలాలు 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక గదిలో మొదలుపెట్టిన బెరిబెరి విచారణలో ఉన్నాయి. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చి 1969లో ఇప్పటి పేరు పొందింది. మెక్‌కారిసన్ కూనూరులో ఎలుకలకు సిక్కుల తిండి, బెంగాలీల తిండి, మద్రాసీల తిండి విడివిడిగా పెట్టి వాటి ఆరోగ్యాన్ని పోల్చాడు. ధాన్యపు పిండి మీదే బతికిన ఎలుకల మూత్రాశయంలో రాళ్లు ఏర్పడటాన్నీ, పాలు చేర్చితే అవి తగ్గడాన్నీ చూపాడు. తెలుగు ప్రాంతాలు కొన్ని అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమే కాబట్టి, అన్నం తినే దక్షిణాది దేహం గురించిన తొలి ప్రయోగశాస్త్రం ఇక్కడే పుట్టిందనవచ్చు. అయితే మూత్రాశయపు రాయి గురించి ఇంత చెప్పిన ఎలుక, పిత్తాశయపు రాయి గురించి ఒక్క మాటా చెప్పలేని జీవి; దాని కాలేయంలో తయారైన పైత్యం నిల్వ లేకుండా నేరుగా పేగులోకి జారిపోతుంది.

పిత్తాశయం లేని జంతువులు ఇంకా ఉన్నాయి. గుర్రానికీ జింకకూ అది లేదని అరిస్టాటిలే గమనించాడు. ఒంటెకూ లేదు. దుబాయ్‌లో 1985లో ఏర్పడిన కేంద్ర పశువైద్య పరిశోధనశాల ఒంటెల వ్యాధుల మీద పనిచేసే సంస్థల్లో ముఖ్యమైనది. అయినా ఆ ఎడారి నేలకు గుర్తుగా నిలిచిన జంతువు ఈ వ్యాధికి సాక్షి కాలేదు. ఆ నగరపు దక్షిణ కొసన జబల్ అలీకి వెనుక 1997లో రూపుదిద్దుకున్న దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో గోదాములు, ఫ్యాక్టరీలు, వాటిని ఆనుకుని కార్మికుల క్యాంపులు పెరిగాయి. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లిన చాలామంది తెలుగువారి జీవితం ఇలాంటి క్యాంపుల్లోనే గడుస్తుంది. పాళీ పనుల మధ్య పొద్దున తినక, రాత్రి ఒక్క పూటే బరువుగా తినడం అక్కడ కొత్త సంగతి కాదు. పిత్తాశయం ముడుచుకోవడానికి తిండి పేగులోకి దిగాలి; ఎక్కువసేపు పస్తుంటే రసం తిత్తిలో కదలకుండా చిక్కబడుతుంది. ఒంటె దేహం దాటవేసిన ఈ చిక్కును ఒంటె నేల మీద బతికే మనిషి దేహం దాటవేయలేదు. కదలని రసం తిత్తిని ఏంచేస్తుందో తెలుసుకోవడానికి పిత్తాశయమున్న చిన్న జంతువులు కావలసివచ్చాయి.

అటువంటి మొదటి జంతువు పశ్చిమాసియా నుంచే వచ్చింది. ప్రయోగశాలల్లోని బంగారు హ్యామ్‌స్టర్లకు 1930లో సిరియాలోని అలెప్పో దగ్గర తవ్వి తీసిన ఒక్క తల్లీపిల్లల కుదురే మూలం. విటమిన్ కె కనుగొన్నందుకు 1943 నోబెల్ బహుమతి పొందిన డెన్మార్క్ శాస్త్రవేత్త హెన్రిక్ డామ్, క్రిస్టెన్సెన్‌తో కలిసి 1952లో ప్రకటించిన ఫలితం ప్రకారం, కొవ్వు లేకుండా గ్లూకోజ్ దండిగా ఉన్న తిండి పెట్టిన చిన్న హ్యామ్‌స్టర్లలో కొలెస్టరాల్ రాళ్లు ఏర్పడ్డాయి. తిండిని మార్చి పిత్తాశయంలో కొలెస్టరాల్ రాయిని పుట్టించడం అలా సాధ్యమైంది; కొవ్వు తింటేనే రాయి వస్తుందన్న నమ్మకానికి ఎదురుగా పంచదార నిలబడటం అందరినీ ఆలోచింపజేసింది. 1964లో టెపర్‌మన్ బృందం చిట్టెలుకలకు కొలెస్టరాల్‌తో పాటు కోలిక్ ఆమ్లం అనే పైత్యామ్లాన్ని కలిపి పెట్టి రాళ్లు తెప్పించింది. కుందేలు మాత్రం పరిశోధకులను తప్పుదారి పట్టించింది: దానికి కొలెస్టరాల్‌కు దగ్గరి చుట్టమైన కొలెస్టనాల్‌ను పెడితే ఏర్పడిన రాళ్లలో ప్రధాన పదార్థం కొలెస్టరాల్ కాదనీ, ఒక పైత్యామ్లమనీ 1964లో తేలింది.

జంతువుల్లో పుడుతున్న రాళ్లను అర్థం చేసుకోవడానికి కొలబద్ద 1968లో దొరికింది. కొలెస్టరాల్ నీటిలో కరగదు; పైత్యలవణాలు, లెసిథిన్ అనే కొవ్వుపదార్థం కలిసి దాన్ని సూక్ష్మమైన మూటలుగా కట్టి తేలేటట్టు చేస్తాయి. అడ్మిరాండ్, స్మాల్ ఆ మూడింటి పాళ్లను ఒక త్రిభుజం మీద గుర్తించి, ఏ హద్దు దాటితే కొలెస్టరాల్ కరగకుండా మిగిలిపోతుందో గీసి చూపారు. అయితే హద్దు దాటిన పైత్యం ఆరోగ్యవంతుల్లోనూ కనిపిస్తుంది, వాళ్లందరికీ రాళ్లు రావు. రాళ్లున్నవారి పైత్యంలో స్ఫటికం తొందరగా పుడుతుందనీ, లేనివారి పైత్యం అంతే చిక్కగా ఉన్నా ఎక్కువ రోజులు తేటగా ఉంటుందనీ 1979లో హోల్జ్‌బాక్ బృందం చూపింది. ద్రవం ఒక్కటే నేరస్థుడు కాదన్న పాత అనుమానం ఇలా మళ్లీ తలెత్తింది.

దాన్ని తేల్చినది ఉత్తర అమెరికా మైదానాల్లో బొరియల్లో బతికే ప్రేరీ డాగ్. పేరులో కుక్క ఉన్నా అది ఉడుత కుటుంబానికి చెందిన జీవి. 1972లో బ్రెనెమన్, డెన్‌బెస్టెన్ తదితరులు కొలెస్టరాల్ కలిపిన తిండి మాత్రమే పెట్టి, మనిషి రాళ్లను పోలిన రాళ్లను కొద్ది వారాల్లో దానిలో చూశారు. మార్పుల వరుసను రోజు రోజుకూ పరిశీలించే వీలు దీనితో కలిగింది. ముందు కాలేయం నుంచి వచ్చే పైత్యంలో కొలెస్టరాల్ పెరుగుతుంది. వెంటనే రాయి రాదు. పిత్తాశయపు లోపలి పొర జిగురును, అంటే మ్యూసిన్ అనే చక్కెరలు అంటిన మాంసకృత్తును, మామూలుకంటే ఎక్కువగా స్రవించడం మొదలుపెడుతుంది. లీ, లమాంట్, కేరీ 1981లో చూపినది ఇదే: జిగురు పెరగడం స్ఫటికాలకు ముందే జరుగుతుంది. ఆ తరువాత సూక్ష్మదర్శిని కింద ధ్రువిత కాంతిలో పెట్టిన పైత్యపు చుక్కలో పలుచని చతుర్భుజాకారపు పలకలు మెరుస్తాయి, ఒక మూల కత్తిరించినట్టున్న ఈ పలకలే కొలెస్టరాల్ స్ఫటికాలు. పాకంలో వేలాడదీసిన దారం చుట్టూ పటికబెల్లం పలుకులు కట్టినట్టు, జిగురు పోగుల చుట్టూ ఈ పలకలు చేరి, ఒకదాన్నొకటి పట్టుకుని, చివరికి కంటికి కనిపించే రాయి అవుతాయి. ఆస్పిరిన్ ఎక్కువ మోతాదులో ఇస్తే జిగురు తగ్గి, పైత్యంలో కొలెస్టరాల్ అలాగే ఉన్నా ప్రేరీ డాగ్‌లలో రాళ్లు ఏర్పడలేదు. మనుషుల్లో మాత్రం ఆ ఉపాయం అంత నిలకడగా పనిచేయలేదు.

పిత్తాశయానికి జరిగే నష్టం కూడా రాయికంటే ముందే మొదలవుతుందన్నది ఈ జంతువు చెప్పిన రెండవ సంగతి, వైద్యులు ఎక్కువగా మరచిపోయేదీ ఇదే. రాయి అడ్డుపడటం వల్ల తిత్తి పనిచేయడం మానేస్తుందని అనుకోవడం సహజం. కాని 1983లో డోటీ, పిట్ తదితరులు రాయి ఏర్పడకముందే ప్రేరీ డాగ్ పిత్తాశయం సరిగా ఖాళీ కావడం లేదని చూపగా, అదే ఏడాది షాఫర్ బృందం దాని గోడ కండరాన్ని బయటికి తీసి పరీక్షిస్తే కొలిసిస్టోకైనిన్ హార్మోను తగిలినా మునుపటిలా ముడుచుకోలేదని తెలిపింది. తరువాతి పరిశోధనలు దీని వెనుక ఉన్న పనితీరును విప్పాయి: పైత్యంలో మిగులుగా ఉన్న కొలెస్టరాల్ గోడ గుండా ఇంకి కండర కణాల పొరల్లో చేరుతుంది, పొర బిగుసుకుపోతుంది, పైన హార్మోను వాలినా లోపలికి సందేశం సరిగా అందదు. తిత్తి ఖాళీ కానప్పుడు రసం నిలుస్తుంది, నిలిచిన రసంలో స్ఫటికాలు కొట్టుకుపోయే అవకాశం తగ్గుతుంది. చిట్టెలుకల్లో ఇదే కాలంలో గోడ మందమై, పొరల మధ్య నీరు చేరి, రక్షణ కణాలు గుమిగూడటం కనిపిస్తుంది. హార్మోను గ్రాహకాన్ని జన్యుపరంగా తీసివేసిన చిట్టెలుకలకు రాళ్లు తొందరగా వస్తాయని 2004లో తేలింది. లాంగెన్‌బుహ్, ఆయన ప్రత్యర్థులు చెరో సగం పట్టుకున్నారన్నమాట: చెడిన ద్రవం తిత్తిని చెడగొడుతుంది, చెడిన తిత్తి ద్రవాన్ని రాయిగా మారుస్తుంది.

1995 తరువాత చరిత్ర దాదాపుగా చిట్టెలుకదే. ఒకే తిండి పెట్టినా సి57ఎల్ అనే జాతి చిట్టెలుకల్లో అధికభాగానికి రాళ్లు వస్తే ఏకేఆర్ జాతికి చాలా తక్కువగా వచ్చాయి. ఆ తేడాకు కారణమైన జన్యుస్థానాన్ని పైగెన్, కేరీ బృందాలు గుర్తించి లిత్1 అని పేరుపెట్టాయి. రక్షణవ్యవస్థలోని టి కణాలు లేని చిట్టెలుకలకు రాళ్లు అరుదని 2007లోనూ, న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు విసిరే డి.ఎన్.ఏ. వలలు స్ఫటికాలను కూడగడతాయని 2019లోనూ వెలువడిన ఫలితాలు, నౌనిన్ చెప్పిన వాపు సిద్ధాంతాన్ని కొత్త రూపంలో తిరిగి నిలబెట్టాయి.

భారతదేశంలో ఈ ప్రశ్న మనుషుల లెక్కతో మొదలై తిండి దగ్గరికి వచ్చింది. రైల్వే వైద్యుడు మల్హోత్రా 1968లో రైలు ఉద్యోగుల రికార్డులను పోల్చి, దక్షిణాదిలో కంటే ఉత్తరాదిలో పిత్తాశయపు రాళ్లు ఏడు రెట్లు ఎక్కువని రాశాడు. ఆయన దానికి ఆహారపు అలవాట్లను కారణంగా చూపాడు. దక్షిణాది రాళ్లలో వర్ణక జాతి, ఉత్తరాదిలో కొలెస్టరాల్ జాతి ఎక్కువని తరువాతి విశ్లేషణలు చెప్పడంతో, రెండు ప్రాంతాలను ఒకే తక్కెడలో తూచడం ఎంతవరకు తగునన్న సందేహం మిగిలింది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ మాత్రం తక్కెడను వంటింటి వైపు తిప్పింది. హుస్సేన్, చంద్రశేఖర 1992లో ప్రచురించిన ప్రయోగంలో రాళ్లు తెప్పించే తిండి పదివారాలు తిన్న చిట్టెలుకలన్నింటికీ రాళ్లు రాగా, అదే తిండిలో పసుపులోని కర్‌క్యుమిన్‌ను అర శాతం కలిపినప్పుడు 26 శాతానికే వచ్చాయి. 2009లో రెడ్డి, శ్రీనివాసన్ మెంతులతోనూ, అదే ఏడాది విద్యాశంకర్, సాంబయ్య, శ్రీనివాసన్ వెల్లుల్లి, ఉల్లితోనూ ఇటువంటి తగ్గుదలనే చూపారు. మెంతిపిండి పాలు పెరిగేకొద్దీ రాళ్లు తగ్గుతూ వచ్చాయి. 2011లో మిరపకాయ కారానికి మూలమైన క్యాప్సైసిన్‌ను, కర్‌క్యుమిన్‌ను విడివిడిగానూ కలిపీ పరీక్షించగా కారం రాళ్లను సగానికి, పసుపు మూడింట రెండు వంతుల మేరకు తగ్గించాయి. రెండూ కలిపితే ఇంకా మేలు జరుగుతుందన్న ఆశ తీరలేదు, ఫలితం ఆ రెండింటి నడుమనే నిలిచింది.

ఈ చిట్టెలుకలు తిన్న కర్‌క్యుమిన్ పాలు సాధారణంగా పప్పులో వేసే పసుపుకంటే ఎంతో ఎక్కువ. పైగా అవి తిన్నది కొలెస్టరాల్ రాళ్లు తెప్పించడానికి కూర్చిన తిండి, తెలుగు ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే వర్ణక రాళ్లకు ఆ తిండితో సంబంధం తక్కువ. వర్ణక రాయిని తిండితో పుట్టించే, తిండితో ఆపే ప్రయోగం చేయాలంటే రక్తకణాలు తొందరగా విచ్ఛిన్నమయ్యే జాతి చిట్టెలుకలో, పైత్యనాళాల్లో క్రిములు చేరిన పశువులో కావాలి. మొదటి కోవకు చెందినవి ప్రయోగశాలల్లో ఉన్నాయి. రెండవ కోవ కోసం ఎక్కువ దూరం వెళ్లనక్కరలేదు, కసాయి దుకాణంలో చేదుకట్టు కోసే చోట అలాంటి పశువుల రాళ్లు ఇప్పటికీ దొరుకుతూనే ఉన్నాయి, వాటిని కొనుక్కుపోయేది మాత్రం శాస్త్రవేత్తలకంటే ముందుగా మందుల వ్యాపారులే.